స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్: రాడ్డు మారిస్తే ప్రొసీజర్‌కి మళ్ళీ టెస్ట్ పెట్టాలా?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది వెల్డింగ్ గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, స్టెయిన్‌లెస్ స్టీల్‌కి వాడే వెల్డింగ్ రాడ్డు రకం మారిస్తే, అప్పటికే పాసైన ప్రొసీజర్‌కి మళ్ళీ పరీక్ష పెట్టాలా, అక్కర్లేదా అన్న ప్రశ్న గురించి.

ముందే చెప్తున్నా, నేను వెల్డర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నా. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీలకి రియాక్టర్లు, ట్యాంకులు చేసిచ్చే షాపులు చాలా ఉన్నాయి కదా, అలాంటి ఒక చిన్న షాపులో క్వాలిటీ చూసే వ్యూయర్ ఒకరు ఈ ప్రశ్న పంపారు. దాని కోసం కోడ్ తిరగేస్తే నాకు బాగా తెలిసిన సమస్యే ఎదురైంది: టెస్టులన్నీ పాసైతే పని అయిపోయినట్టేనా?

వాళ్ళ పరిస్థితి ఇది. జాబ్ 304ఎల్ ప్లేట్‌తో చేసే ట్యాంకు. ప్రొసీజర్ ఈ308ఎల్-16 అనే రాడ్డుతో పరీక్ష చేసి పాస్ చేయించారు. ఆ రాడ్డు అయిపోయింది. స్టోర్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఈ316ఎల్-16. రెండోది ఈ308ఎల్-26. డెలివరీ దగ్గరపడింది. మళ్ళీ టెస్ట్ పెట్టకుండా వీటిలో ఏది వాడొచ్చు?

చాలామంది వెంటనే రెండోదే అంటారు. అది కూడా 308ఎల్‌యే, లోహం మారలేదు, చివరి అంకె ఒక్కటే మారింది కదా అని. కానీ అమెరికన్ కోడ్ ప్రకారం చూస్తే జవాబు సరిగ్గా తిరగబడుతుంది. 316ఎల్-16కి మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. 308ఎల్-26కి కావాలి. ఎందుకో అర్థం కావాలంటే ముందు రాడ్డు పేరు చదవడం రావాలి.

ఈ అంటే ఎలక్ట్రోడ్. 308 అన్నది రాడ్డు కరిగాక పడే లోహం రకం. 308ఎల్‌లో క్రోమియం 18 నుంచి 21 శాతం, నికెల్ 9 నుంచి 11 శాతం ఉంటాయి. ఎల్ అంటే లో కార్బన్, రాడ్డులో గరిష్ఠంగా 0.04 శాతం. కార్బన్ తక్కువగా ఎందుకు ఉండాలంటే, వెల్డింగ్ వేడికి కార్బన్ వెళ్ళి క్రోమియంతో కలిసిపోతే, ఆ చుట్టుపక్కల తుప్పుని ఆపడానికి క్రోమియం మిగలదు. 316ఎల్‌కి వస్తే క్రోమియం 17 నుంచి 20, నికెల్ 11 నుంచి 14, దానికి తోడు మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది. ఆ మాలిబ్డినం మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

ఇక చివరి అంకె. 15, 16, 17, 26 అన్నవి రాడ్డు మీది పూత గురించి, అది ఎలా నడుస్తుందన్న దాని గురించి చెప్తాయి. 15 డీసీ కరెంట్ మీదే నడుస్తుంది. 16, 17 ఏసీ మీద, డీసీ మీద రెండిటి మీదా నడుస్తాయి. 26 మాత్రం వేరే జాతి. పూత మందంగా ఉంటుంది, కరెంట్ ఎక్కువ తీసుకుంటుంది, ఫ్లాట్, హారిజాంటల్ పొజిషన్లకే పనికొస్తుంది. దాని లోపలి తీగ మామూలు ఎంఎస్ కూడా అయి ఉండొచ్చు. అప్పుడు క్రోమియం, నికెల్ పూతలోంచి వచ్చి కలుస్తాయి. అంటే పేరులో ఒక్క అంకె మారినా, వెల్డర్ చేతిలో ఆ రాడ్డు ప్రవర్తన మొత్తం మారిపోతుంది.

ఇప్పుడు కాగితాల దగ్గరకి వద్దాం. బాయిలర్లు, ప్రెజర్ వెసెల్స్ పని చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది ఏఎస్‌ఎంఈ కోడ్. అందులో వెల్డింగ్ అర్హతల గురించి చెప్పేది సెక్షన్ 9. ఇందులో రెండు కాగితాలు ముఖ్యం. ఒకటి డబ్ల్యూపీఎస్, అంటే వెల్డర్‌కి ఇచ్చే సూచనల పత్రం. ఏ ప్లేటు, ఏ రాడ్డు, ఎంత కరెంట్, ఎంత ప్రీహీట్, అన్నీ అందులో ఉంటాయి. రెండోది పీక్యూఆర్, అంటే పరీక్ష రికార్డు. ఒక ప్లేటు ముక్కని నిజంగా వెల్డ్ చేసి, కోసి, లాగి, వంచి చూసినప్పుడు ఏం జరిగిందో రాసిపెట్టింది.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, డబ్ల్యూపీఎస్ ఒక కాన్ఫిగరేషన్ ఫైల్ లాంటిది. దాన్ని మార్చుకోవచ్చు, కొత్త రివిజన్ ఇచ్చుకోవచ్చు. పీక్యూఆర్ మాత్రం లాగ్ ఫైల్. ఆ రోజు ఏం జరిగిందో అదే. రాడ్డు మారింది కదా అని పాత పీక్యూఆర్‌లో రాడ్డు పేరు దిద్దితే, అది రివిజన్ కాదండి, ఫోర్జరీ.

పరీక్ష ఎలా ఉంటుందో కూడా కొంచెం చూద్దాం. 12 మిల్లీమీటర్ల ప్లేటు ముక్క తీసుకుని గ్రూవ్ వెల్డ్ చేశారనుకోండి. రెండు టెన్సైల్ ముక్కలు, నాలుగు బెండ్ ముక్కలు కోస్తారు. టెన్సైల్‌లో ప్లేటుకి రాసిపెట్టిన కనీస బలం రావాలి. 304ఎల్‌కి అది 485 మెగాపాస్కల్స్. బెండ్ ముక్కల్ని 180 డిగ్రీలు వంచాలి, బయటి వంపు మీద 3 మిల్లీమీటర్లు దాటిన పగులు కనిపించకూడదు. ఇది పాసైతే 5 నుంచి 24 మిల్లీమీటర్ల మందం వరకు ఆ ప్రొసీజర్ చెల్లుతుంది.

గమనించండి, పరీక్ష అంతా ఇంతే. బలం, వంగే గుణం. తుప్పు పరీక్ష ఇందులో లేదు.

మరి ఏ మార్పుకి మళ్ళీ పరీక్ష? దీనికి కోడ్ మార్పుల్ని మూడు రకాలుగా విడగొడుతుంది. మొదటివి ఎసెన్షియల్ వేరియబుల్స్. ఇవి అనుమతించిన హద్దు దాటి మారితే పాత పరీక్ష చెల్లదు, కొత్త పీక్యూఆర్ కావాలి. రెండోవి సప్లిమెంటరీ ఎసెన్షియల్. ఇవి ఇంపాక్ట్ టెస్ట్ అడిగిన జాబ్‌లకే వర్తిస్తాయి. మూడోవి నాన్ ఎసెన్షియల్. ఇవి మారితే మళ్ళీ పరీక్ష అక్కర్లేదు, కానీ డబ్ల్యూపీఎస్‌లో ఆ మార్పు రాసి రివిజన్ ఇవ్వాలి. షాపుల్లో చాలాసార్లు జారిపోయేది ఈ మూడోదే. పరీక్ష అక్కర్లేదంటే కాగితం కూడా అక్కర్లేదని కాదు.

రాడ్డు విషయంలో, మామూలు ఆర్క్ వెల్డింగ్‌కి కోడ్ ముఖ్యంగా రెండు నంబర్లు చూస్తుంది. ఎఫ్ నంబర్, ఎ నంబర్.

ఎఫ్ నంబర్ రాడ్డు ఎలా నడుస్తుందన్నదాన్ని బట్టి ఇచ్చింది. అంటే దానితో మంచి వెల్డ్ తీయడానికి వెల్డర్‌కి ఎలాంటి చేయి కావాలి అన్నది. ఆస్టెనిటిక్, డూప్లెక్స్ స్టెయిన్‌లెస్ రాడ్లలో చివర 15, 16, 17 ఉన్నవన్నీ ఎఫ్-5. చివర 26 ఉన్నవి ఎఫ్-1.

ఎ నంబర్ వెల్డ్‌లో పడిన లోహం కెమిస్ట్రీని బట్టి ఇచ్చింది. ఎ-8 అంటే క్రోమియం 14.5 నుంచి 30, నికెల్ 7.5 నుంచి 15 శాతం, మాలిబ్డినం 4 శాతం వరకు. చాలా పెద్ద గుంపు ఇది. 308ఎల్, 309ఎల్, 316ఎల్, 347, అన్నీ ఇందులోనే పడతాయి. ఎ-9 అంటే నికెల్ 15 నుంచి 37 శాతం ఉన్నవి. 310 రాడ్డులో నికెల్ 20 నుంచి 22.5 శాతం కాబట్టి అది ఎ-9.

ఇప్పుడు మన వ్యూయర్ ప్రశ్నకి జవాబు దానంతట అదే వస్తుంది. 308ఎల్-16 నుంచి 316ఎల్-16కి మారితే ఎఫ్-5 ఎఫ్-5గానే ఉంది, ఎ-8 ఎ-8గానే ఉంది. పీక్యూఆర్ చెల్లుతుంది, డబ్ల్యూపీఎస్ రివిజన్ చాలు. 308ఎల్-26కి మారితే ఎఫ్-5 కాస్తా ఎఫ్-1 అయింది. కొత్త పీక్యూఆర్. ఇక ఎవరైనా 310-16 తెచ్చి వాడదామంటే ఎఫ్ నంబర్ మారలేదు కానీ ఎ-8 కాస్తా ఎ-9 అయింది. అప్పుడు కూడా కొత్త పీక్యూఆర్.

310 విషయంలో ఆ గీత ఊరికే గీయలేదు. 308ఎల్ లాంటి వెల్డ్ లోహంలో కొంచెం ఫెరైట్ మిగిలేలా కెమిస్ట్రీ పెడతారు. వెల్డ్ గట్టిపడేటప్పుడు వేడిగా ఉండగానే పగలకుండా కాపాడేది ఆ కొద్దిపాటి ఫెరైటే. 310 పూర్తిగా ఆస్టెనైట్, ఫెరైట్ ఉండదు. కాబట్టి హాట్ క్రాకింగ్ భయం ఎక్కువ. అలాంటి లోహానికి 308ఎల్ బెండ్ టెస్ట్ చూపించి పాస్ అనడం కుదరదు కదా.

ఇక్కడ ఇంకో తేడా ఉంది. ప్రొసీజర్ పరీక్ష వేరు, వెల్డర్ పరీక్ష వేరు. మామూలు ఆర్క్ వెల్డింగ్‌లో వెల్డర్ అర్హతకి ఎఫ్ నంబర్ చూస్తారు కానీ ఎ నంబర్ చూడరు. ఎందుకంటే వెల్డర్ చేతికి కావాల్సింది రాడ్డు నడక తెలియడం, కెమిస్ట్రీ కాదు. కాబట్టి 310-16కి మారితే కొత్త పీక్యూఆర్ కావాలి గానీ, ఎఫ్-5 మీద పాసైన వెల్డర్‌ని మళ్ళీ టెస్ట్‌కి కూర్చోబెట్టక్కర్లేదు. ఈ తేడా తెలియక వెల్డర్లందరికీ మళ్ళీ టెస్టులు పెడితే పోయేది వాళ్ళ పనిదినాలే.

ఒక మినహాయింపు. జాబ్‌కి ఇంపాక్ట్ టెస్ట్ అడిగితే ఈ లెక్క మారిపోతుంది. ఎల్‌ఎన్‌జీ దాదాపు మైనస్ 162 డిగ్రీల దగ్గర, ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ చలిలో వెల్డ్ దెబ్బకి తట్టుకుంటుందా అన్నది చూడాల్సి వచ్చినప్పుడు సప్లిమెంటరీ వేరియబుల్స్ రంగంలోకి వస్తాయి. అప్పుడు ఎఫ్, ఎ నంబర్లు అవే అయినా, 308ఎల్ పోయి 316ఎల్ రావడం, అంటే రాడ్డు క్లాసిఫికేషన్ మారడమే కొత్త పరీక్షకి కారణమవుతుంది.

కోడ్ మారినా జవాబు మారుతుంది. యూరప్ కస్టమర్ ఐఎస్ఓ 15614-1 అడిగాడనుకోండి. అందులో ఎ నంబర్ లాంటి పెద్ద గుంపులు లేవు. కొత్త రాడ్డుకి అదే నామినల్ కెమిస్ట్రీ, అదే రకం పూత ఉండాలి. మాలిబ్డినం లేని 308ఎల్ స్థానంలో మాలిబ్డినం ఉన్న 316ఎల్ వస్తే అది అదే కెమిస్ట్రీ కాదు. అంటే ఏఎస్‌ఎంఈలో పరీక్ష అక్కర్లేని మార్పుకి ఇక్కడ పరీక్ష కావాలి. కాబట్టి ఎవరైనా "మళ్ళీ టెస్ట్ కావాలా" అని అడిగితే, ముందు మనం అడగాల్సింది "ఏ కోడ్, ఏ ఎడిషన్" అని. ఏఎస్‌ఎంఈ కోడ్ రెండేళ్ళకోసారి కొత్త ఎడిషన్‌గా వస్తుంది, కాంట్రాక్ట్‌లో ఏది రాసి ఉందో అదే చూడాలి.

ఇక్కడిదాకా నంబర్ల లెక్క. దీనికో చిన్న సాఫ్ట్‌వేర్ రాయొచ్చు కూడా. పాత రాడ్డు, కొత్త రాడ్డు ఇస్తే అవును, కాదు అని చెప్పేస్తుంది. కానీ అసలు ప్రమాదం ఆ జవాబులోనే ఉంది.

ఇప్పుడు జాబ్‌ని తిప్పి చూడండి. ట్యాంకు 304ఎల్ కాదు, 316ఎల్. ప్రొసీజర్ 316ఎల్-16తో పాసైంది. రాడ్డు అయిపోయింది. స్టోర్‌లో 308ఎల్-16 ఉంది, ధర కూడా తక్కువ. ఎఫ్-5, ఎ-8, రెండూ అవే. సెక్షన్ 9 మళ్ళీ పరీక్ష అడగదు. డబ్ల్యూపీఎస్ రివైజ్ చేసి వెల్డ్ చేసేశారు. ఎక్స్‌రే పాస్. నీళ్ళు నింపి చేసే హైడ్రో టెస్ట్ పాస్. బఫింగ్ చేశాక అద్దంలా మెరుస్తోంది. ఇన్‌స్పెక్షన్‌లో ఎవరి కంటికీ ఏ తప్పూ కనిపించదు.

కానీ ఆ ట్యాంకు 316ఎల్‌తో ఎందుకు చేయమన్నారు? లోపల క్లోరైడ్ ఉన్న ద్రావణం ఉంటుంది కాబట్టి. క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ని అంతటా సమానంగా తినదు, అక్కడక్కడ గుంటలు గుంటలుగా తింటుంది. దాన్ని బాగా అడ్డుకునేది ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాలిబ్డినమే. ప్లేటులో ఆ మాలిబ్డినం ఉంది. 308ఎల్ వెల్డ్‌లో గరిష్ఠంగా 0.75 శాతమే, అది కూడా ఉండాలని వేసింది కాదు. అంటే కస్టమర్ 316ఎల్ ప్లేటుకి డబ్బులు కట్టాడు, కానీ ప్రతి అతుకు దగ్గరా ఆ కంచెకి ఒక కంత పెట్టి ఇచ్చారన్నమాట. ప్లాంట్‌లో ఎక్కిన తర్వాత, లీకయ్యేది ఆ అతుకు దగ్గరే. అప్పుడు ఆ ట్యాంకు పక్కన నిలబడి ఉండేది కోడ్ రాసినవాళ్ళు కాదు, రివిజన్ మీద సంతకం పెట్టినవాళ్ళూ కాదు. షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్.

ఇంకో ఉదాహరణ. స్టెయిన్‌లెస్ ట్యాంకుకి ఎంఎస్ కాళ్ళు అతికించాలి. ఇలాంటి రెండు రకాల లోహాల జాయింట్‌కి సాధారణంగా 309ఎల్ వాడతారు. అందులో క్రోమియం 22 నుంచి 25, నికెల్ 12 నుంచి 14 శాతం. ఎందుకంత ఎక్కువ? వెల్డ్ చేసేటప్పుడు ఎంఎస్ కూడా కరిగి కలుస్తుంది కాబట్టి, పల్చబడ్డాక కూడా సరిపడా మిగలాలని. దీని బదులు 308ఎల్ వాడారనుకోండి, ఎంఎస్ కలిసేసరికి క్రోమియం, నికెల్ పడిపోయి, ఆ వెల్డ్‌లో మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు నిర్మాణం ఏర్పడొచ్చు. అది పగులుతుంది. మరి నంబర్లు? 309ఎల్ ఎఫ్-5, ఎ-8. 308ఎల్ కూడా ఎఫ్-5, ఎ-8. నంబర్ల పట్టిక ఇక్కడ కూడా నోరు విప్పదు.

అంటే కోడ్ తప్పా? కాదండి. ఈ గుంపులు పరీక్షల సంఖ్య తగ్గించడానికే అని సెక్షన్ 9 తనే చెప్తుంది. ఒకే గుంపులో ఉన్నాయి కదా అని, లోహాల పొత్తు, డిజైన్, ప్లాంట్‌లో వాడే పరిస్థితి చూడకుండా ఒకదాని బదులు ఒకటి వాడొద్దని కూడా అందులోనే ఉంది. పట్టిక చూసి, దాని పక్కనున్న ఆ హెచ్చరిక వదిలేసేది మనమే.

సో, రాడ్డు మారుతున్నప్పుడు అడగాల్సినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకటి, పాత పరీక్ష ఈ కొత్త రాడ్డుకి సాక్ష్యంగా చెల్లుతుందా? దీనికి కోడ్ జవాబిస్తుంది. రెండు, ఈ రాడ్డు ఈ ట్యాంకులో, ఈ రసాయనానికి, ఈ వేడికి సరిపోతుందా? దీనికి కోడ్ జవాబివ్వదు. డిజైన్ ఇంజినీరు ఇవ్వాలి, కస్టమర్ ఒప్పుకోవాలి. మొదటిదానికి "అక్కర్లేదు" అని వచ్చిన జవాబుని రెండోదానికి "పర్లేదు" అని చదువుకోకూడదు.

మన వ్యూయర్ జాబ్‌కి ఈ రెండో ప్రశ్న వేసి చూద్దాం. 304ఎల్ ప్లేటు మీద 316ఎల్ రాడ్డు. బలం చూస్తే, రాడ్డు కనీస బలం 490, ప్లేటుది 485, సరిపోయింది. ప్లేటు ఎల్ లేని మామూలు 304 అయితే కనీసం 515 కావాలి. 490 రాడ్డుతో అది వస్తుందా అన్నది ఆ బ్యాచ్ సర్టిఫికెట్‌లో చూసుకోవాలి. తుప్పు విషయంలో ఎక్కువ చోట్ల 316ఎల్ మేలే. కానీ ఖరీదైనది కాబట్టి ఎప్పుడూ మేలే అనుకోవద్దు. వేడి, గాఢమైన నైట్రిక్ యాసిడ్ దగ్గర మాలిబ్డినం ఉన్న 316ఎల్ కంటే 304ఎల్ బాగా నిలబడుతుంది. కాబట్టి ట్యాంకులో ఏం పోస్తారో కస్టమర్‌ని అడగకుండా సంతకం పెట్టకండి.

షాపు ఫ్లోర్ మీద పనికొచ్చేలా వరుస చెప్తాను. కాంట్రాక్ట్‌లో కోడ్, ఎడిషన్ చూడండి. ఇంపాక్ట్ టెస్ట్ అడిగారేమో చూడండి. పాత, కొత్త రాడ్ల ఎఫ్, ఎ నంబర్లు పక్కపక్కన రాయండి. ఏ ఒక్కటి మారినా కొత్త పీక్యూఆర్. రెండూ మారకపోతే, రాడ్డు మార్పు గురించి కస్టమర్‌కి రాసి, వాళ్ళ ఒప్పుదల కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాతే డబ్ల్యూపీఎస్ రివిజన్. ఆ తర్వాతే వెల్డర్ చేతికి రాడ్డు. పాత రివిజన్ కాపీలు ఫ్లోర్ మీంచి తీసేయండి.

వెల్డ్ అయిపోయాక అనుమానం ఉంటే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో వెల్డ్ మీద మాలిబ్డినం ఉందో లేదో నిమిషంలో చూడొచ్చు. 316ఎల్ జాబ్‌లో 308ఎల్ పడితే అది పట్టేస్తుంది. కానీ ఆ గన్ కార్బన్‌ని చూడలేదు. 308కి, 308ఎల్‌కి తేడా దానికి తెలియదు. అక్కడ మనల్ని కాపాడేది రాడ్డు ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు, దాని సర్టిఫికెట్, స్టోర్‌లో ఎవరికి ఏ రాడ్డు ఇచ్చారో రాసిన పుస్తకం. విడి రాడ్లు కలిపి ఒకే డబ్బాలో పడేసే అలవాటు ఉంటే, ఆ డబ్బాని ముందు ఖాళీ చేయండి.

కొత్త పీక్యూఆర్ అంటే ప్లేటు, మెషినింగ్, ల్యాబ్ ఫీజు, కొన్ని రోజుల ఆలస్యం. చిన్న షాపుకి అది తేలిక కాదని నాకు తెలుసు. అందుకే అక్కర్లేని చోట పెట్టించకండి, ధైర్యంగా కోడ్ చూపించి వాదించండి. అలా మిగిలిన టైమ్‌లో ఒక అరగంట ఆ రెండో ప్రశ్నకి ఇవ్వండి. దాన్ని అడగాల్సింది ఆ షాపులో మీరే.

మీ షాపులో ఏ రాడ్డు బదులు ఏ రాడ్డు వాడాల్సి వస్తోందో, ఏ కోడ్ కింద పనిచేస్తున్నారో రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫెరైట్ గురించి, దాన్ని ఎలా కొలుస్తారన్న దాని గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు, ఉంటానండి.